కాదనే చట్టం

మే 6

గెలిచాం. గెలిచాం. గెలిచాం.

మధ్యాహ్నం రేడియోలో చెప్పారు. గవర్నరు సంతకం పెట్టేశాడు. ఇక మీదట కేంద్రం వాళ్ళ తుపాకీ చట్టాలు మన రాష్ట్రంలో చెల్లవు. మన షెరీఫ్ గానీ, మన పోలీసులు గానీ వాటి కోసం చిటికెన వేలు కదపకూడదు. కదిపితే వాళ్ళ ఆఫీసే కోర్టుమెట్లెక్కి జరిమానా కట్టుకోవాలి. దీని కోసం ఊరూరా తిరిగి సంతకాలు పోగుచేశాను. మోకాళ్ళు అరిగిపోయాయి. పోతే పోయాయి.

నా తుపాకుల కొట్టు ముందు జెండా కట్టాను. ఎదురు హోటలు వాళ్ళు కాఫీ ఊరికే పోశారు. షెరీఫ్ హార్లన్ వచ్చి టోపీ తీసి, "నీ ధర్మమా అని నాకు సగం పని తగ్గింది లవోన్" అన్నాడు. పని తప్పించుకోవడంలో వాడు ఆరో తరగతి నుంచీ దిట్ట. వాడి వెనక బెంచీ నాదే కాబట్టి నాకు తెలుసు.

జనం దీన్ని అప్పుడే "కాదనే చట్టం" అంటున్నారు. పేరు బాగుంది. మా ఆయన కార్ల్ బతికుంటే ఇవాళ కొట్టు మూసేసి నన్ను చేపల వేటకి తీసుకెళ్ళేవాడు.

మే 11

స్పైస్ వాగు పొంగింది. దిగువ ఇళ్ళన్నిట్లోకీ నడుముల దాకా నీళ్ళొచ్చాయి. ప్రాణాలు పోలేదు, అదే పదివేలు. పొద్దుట్నుంచీ నా కొట్టు ముందు జనం. దుప్పట్లలో, తువ్వాళ్ళలో, చంటిపిల్లల గుడ్డల్లో చుట్టుకుని తడిసిన తుపాకులు పట్టుకొచ్చారు. వరద తుపాకులు బాగుచేసి కూలి పుచ్చుకోకూడదని మా మామగారి కాలం నుంచీ ఉన్న రివాజు. ఒక్కొక్కటీ విప్పి, వేడినీళ్ళతో కడిగి, నూనె పట్టించి, చెక్క భాగాలు నీడన ఆరేశాను. ఎండన పెడితే పగులుతాయి.

మా చెల్లెలు నోర్మా కొడుకు డ్వైట్ కూడా మూడు తెచ్చాడు. ఒక పిస్తోలు, ఒక బాతుల తుపాకీ, ఒకటి నాన్న రైఫిలు. నాన్నకి మనవడు వాడొక్కడే కాబట్టి అది వాడికొచ్చింది. నాకు రానందుకు నేనేమీ అనుకోలేదు. ఏమీ అనుకోలేదు.

వాడు బురద కాళ్ళతోనే నన్నెత్తి గిర్రున తిప్పి, "మా పెద్దమ్మ గవర్నర్ చేత సంతకం పెట్టించిందిరోయ్!" అని అరిచాడు. సరదా మనిషి. వాడి పెళ్ళాం కెండ్రా బండి దిగలేదు. కళ్ళకి నల్లద్దాలు. వానలో నల్లద్దాలేమిటో, ఈ కాలం పిల్లలు.

మే 20

చేతులు నూనె కంపు. కొట్టు నిండా చెక్కలు. రోజుకి పదిమంది వచ్చి తమవి తీసుకెళ్తున్నారు. డ్వైట్‌వి ఇంకా తడిగానే ఉన్నాయి. నాన్న రైఫిలు మరీను.

జూన్ 2

హార్లన్ కాఫీకి వచ్చాడు. కాఫీ తాగలేదు. చల్లారిపోయేదాకా కప్పు తిప్పుతూ కూర్చున్నాడు.

కెండ్రా చెయ్యి విరిగిందట. డ్వైట్ ఆమె దగ్గరికి పోకూడదని జడ్జి ఉత్తర్వు ఇచ్చాడట. పిల్ల మెయ్‌సీని తీసుకుని ఆమె చర్చి వెనక గదిలో ఉంటోందట.

"మొగుడూ పెళ్ళాలన్నాక..." అన్నాను.

"చెయ్యి రెండు చోట్ల విరిగింది లవోన్."

నేను బల్ల తుడవడం మొదలెట్టాను. హార్లనే మళ్ళీ అందుకున్నాడు. "ఇలాంటి ఉత్తర్వు మీదున్నవాడి దగ్గర తుపాకీ ఉండకూడదనేది కేంద్రం చట్టం. మన రాష్ట్రానిది కాదు. వాడు ఆ గుమ్మం దాకా వెళ్తే పట్టుకుంటా. చేతిలో తుపాకీ ఉందని మాత్రం పట్టుకోలేను."

"అడగను కూడా అడగలేవా?"

"అడిగితే కేంద్రం పని చేసినట్టే. పోయినేడు నా బల్ల మీద కాగితం పెట్టి, ముద్దుగా కలం చేతికిచ్చి, సంతకం పెట్టించుకున్నదెవరో గుర్తుందా?"

నాకు ఒళ్ళు మండింది. కాఫీ డబ్బులు అడిగి మరీ పుచ్చుకున్నాను.

అయినా కంగారెందుకు? వాడివి మూడే, మూడూ నా దగ్గరే ఉన్నాయి.

జూన్ 9

డ్వైట్ వచ్చాడు. చెక్క ఇంకా ఆరలేదన్నాను. నిజమే.

జూన్ 18

డ్వైట్ వచ్చాడు. ఉడతల వేట మొదలైంది, బాతుల తుపాకీ అయినా ఇవ్వమన్నాడు. చెక్క ఇంకా ఆరలేదన్నాను. చాలావరకు నిజమే.

జూన్ 27

డ్వైట్ వచ్చాడు. చెక్క ఇంకా ఆరలేదన్నాను.

"పిస్తోలుకి చెక్కెక్కడుంది పెద్దమ్మా?" అన్నాడు, నవ్వుతూనే.

స్ప్రింగు తెప్పించాలన్నాను. వాడు నవ్వడం ఆపలేదు గానీ కళ్ళు నవ్వలేదు. వాడు వెళ్ళాక బీరువాకి రెండో తాళం కూడా వేశాను. దొంగలున్నారు మరి.

జూలై 4

స్వాతంత్ర్య దినం ఊరేగింపు. నన్ను పెద్ద లారీ మీదకెక్కించి, మెడలో ఎర్ర నీలం పట్టీ వేసి, కాదనే చట్టం చదవమన్నారు. ఊరంతా రోడ్డుకి రెండు వైపులా కుర్చీలేసుకుని కూర్చుంది. నా గొంతు సంగతి తెలిసిందే, మైకు అక్కర్లేదు. ఒక్కో వాక్యానికీ చప్పట్లు. నా జన్మలో అంతమంది నాకోసం లేచి నిలబడలేదు.

ఆఖరి వాక్యం అయ్యీ అవగానే జనంలోంచి డ్వైట్ చేతులు నోటి దగ్గర దొన్నెలా పెట్టి అరిచాడు.

"పెద్దమ్మా! అయితే నా తుపాకులు ఎప్పుడిస్తావ్?"

అందరూ విరగబడి నవ్వారు. ఈల కూడా వేశారు. నేను లారీ మీద నుంచే, "చెక్క ఇంకా ఆరలేదురా!" అన్నాను.

"మావన్నీ మే నెలలోనే ఆరాయే!" అన్నాడు అగ్నిమాపక దళం నడిపే రస్టీ. మళ్ళీ నవ్వులు. నోర్మా ముందు వరసలో కూర్చుని, నవ్వకుండా నాకేసే చూస్తోంది.

చర్చి మెట్ల మీద కెండ్రా నిలబడి ఉంది, చేతికి కట్టుతో. అందరూ నవ్వుతుంటే ఆమె పిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వేయించిన చేపలూ మొక్కజొన్న రొట్టే తిన్నాను. రుచి తెలియలేదు.

జూలై 8

కొట్టు తెరిచేసరికి కెండ్రా గుమ్మంలో ఉంది. ఆమె వస్తే ఏమనాలో నెల రోజులుగా మనసులో కూడబలుక్కుంటున్నాను. ఏడిస్తే ఓదార్చాలనుకున్నాను. నిందిస్తే ఎదురు నిందించాలనుకున్నాను. డ్వైట్ చిన్నప్పుడు ఎంత మంచివాడో చెప్పాలనుకున్నాను. ఆమె ఏడవలేదు, నిందించలేదు.

"పెద్దత్తా, ఒక్క మాట అడిగి వెళ్ళిపోతాను" అంది.

"కూర్చో. కాఫీ పెడతాను."

"వద్దండీ. పిల్ల ఒక్కత్తే ఉంది. మీరు ఆయనకి ఇచ్చేసే రోజు... ముందు రోజు నాకు చెప్తారా? మా పిన్ని వాళ్ళ ఊరు వెళ్ళిపోతాను. బస్సు పొద్దున్న ఒక్కటే ఉంది. అందుకని ముందు రోజే తెలియాలి."

నేను బల్ల పట్టుకున్నాను. "ఇవ్వొద్దని అడగడానికి వచ్చావనుకున్నాను."

"ఇవ్వొద్దని ఎలా అంటానండీ? అవి ఆయనవి. చట్టం కూడా మీరే చదివారు కదా. నేను విన్నాను." వ్యంగ్యం కూడా లేదు ఆ గొంతులో. వానొస్తుందో రాదో అడిగినంత మామూలుగా అడిగింది. నేను సరేనన్నాను. "థాంక్సండీ" అని, గుమ్మం దాటబోయి వెనక్కి తిరిగి, "మర్చిపోరు కదా?" అంది.

మర్చిపోనన్నాను. ఆమె వెళ్ళాక కొట్టు తలుపు మూసి, వెనక గదిలో నిలబడి గట్టిగా ఏడ్చాను. ఏడ్చి చాలా ఏళ్ళయింది. ఎలా ఆపాలో తెలియలేదు.

జూలై 9

ఇవ్వను.

అంతే. ఇవ్వను.

కేంద్రం చెప్పిందని ఇవ్వడం మానేస్తున్నానని ఎవరైనా అనుకుంటే వాళ్ళ నోట్లో మన్ను. అదొక్కటే నాకు కడుపుమంట. జన్మలో మొదటిసారి కేంద్రం వాళ్ళూ నేనూ ఒకే పక్కన నిలబడాల్సి వచ్చింది. కావాలంటే వాళ్ళే పక్కకి జరగాలి. నేను మాత్రం జరగను.

జూలై 10

డ్వైట్ వచ్చాడు. ఈసారి చెక్క మాట ఎత్తలేదు.

"ఇవ్వనురా."

"ఏంటి?"

"చెవుడా? ఆ ఉత్తర్వు నీ మీద ఉన్నంతకాలం ఇవ్వను. ఉత్తర్వు పోయాక రా. అప్పుడూ ఆలోచిస్తా."

వాడి మొహంలో నవ్వు దీపం ఆర్పినట్టు పోయింది. బల్ల మీద వంగాడు. వాడి ఊపిరి నా మొహానికి తగిలింది. నేను కదల్లేదు. కెండ్రా ఈ మొహాన్ని రోజూ చూసిందన్న మాట.

"నువ్వు కూడానా? కేంద్రం వాళ్ళ కుక్కవైపోయావా?"

"కుక్కనే అనుకో. కుక్క కాపలా కాస్తుంది. బయటికి నడు."

నడిచాడు. తలుపు దభాలున వేస్తే గంట ఊడి కిందపడింది.

సాయంత్రం నోర్మా ఫోను. "అక్కా, వాడు నా కొడుకు. నీకు పిల్లల్లేరు కాబట్టి నీకు తెలియదు" అంది. తర్వాత అది ఏం చెప్పిందో నాకు వినపడలేదు. ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.

జూలై 24

తలుపు మీద ఎవరో ఎర్రరంగుతో "కేంద్రం తొత్తు" అని రాశారు. నన్నా! నన్ను! లారీ మీద నిలబడిన నన్ను!

చెరపలేదు. అదే రంగు కొనుక్కొచ్చి దాని కింద "తొత్తు మీ తాత" అని ఇంకా పెద్ద అక్షరాలతో రాశాను. హార్లన్ బండి ఆపి చదివి, నోటికి టోపీ అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

బేరాలు లేవు. హోటల్లో కూర్చుంటే పక్క బల్ల వాళ్ళు వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నారు. డ్వైట్ గురించి అనుకుంటున్నారని నాకేసి తిరగని వాళ్ళ మెడలే చెప్తున్నాయి. ఇంకొకటి కొనుక్కోరాదా అని రస్టీ వాడితో అన్నాడట. "నావి నాకుండగా ఇంకొకటి కొంటే ఓ ముసల్దాని చేతిలో ఓడిపోయినట్టే" అన్నాడట. నా మీద పంతంతోనైనా వాడి చేతులు ఖాళీగా ఉన్నాయి. ఈ పంతం పది కాలాలపాటు చల్లగా ఉండాలి.

ముసల్దాన్నట.

ఆగస్టు 13

డ్వైట్ నా మీద కోర్టుకెళ్ళాడు. తన ఆస్తి నేను దాచేశానట. వాళ్ళ వకీలు కాదనే చట్టాన్నే నా మీద ప్రయోగిస్తాడట. నాకు వకీలు వద్దన్నాను. ఆ చట్టం నాకు కంఠతా వచ్చు.

నోర్మా చర్చిలో నా వరసలో కూర్చోవడం మానేసింది.

ఆగస్టు 27

ముందు గెలిచిన సంగతి రాస్తాను. ఎంత బాగా గెలిచానో రాయకపోతే నాకు అన్నం సహించదు.

కోర్టు హాలు నిండిపోయింది. జనం కిటికీల బయట కూడా నిలబడ్డారు. వకీలు పట్నం నుంచి వచ్చిన కుర్రాడు, మెరిసే బూట్లు.

"ఈ చట్టం కోసం ఊరూరా తిరిగింది మీరే కదా?"

"నేనే. నీకన్నా ఎక్కువ తిరిగాను."

"ఈ రాష్ట్రంలో కేంద్రం తుపాకీ చట్టాలు చెల్లవని లారీ మీద నిలబడి చదివింది కూడా మీరే కదా?"

"సరిగ్గా విని ఉండవు. జీతం తీసుకునే సర్కారు మనిషెవడూ ఆ చట్టాలకి సాయం చెయ్యకూడదని చదివాను."

నిజానికి చెల్లవనే చదివాను. కానీ ఈ నెలన్నరగా దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుంటుంటే, అందులో పస ఉన్నది ఈ ఒక్క ముక్కేనని అర్థమైంది. మిగతాదంతా బ్యాండు మేళం.

"సాయం చెయ్యనని రాష్ట్రం అనొచ్చు" అన్నాను. "అది దాని హక్కు. ఆ హక్కు కోసమే నా మోకాళ్ళు అరిగాయి. అంతేగానీ కేంద్రం చట్టాన్ని లేకుండా చెయ్యడం రాష్ట్రం తరం కాదు. అదక్కడే ఉంది. పక్కింటివాడి గొడవలో నేను తలదూర్చనంటే పక్కిల్లు మాయమైపోతుందా?"

కిటికీల దగ్గర ఎవరో నవ్వారు.

"మరి మీరెందుకు కేంద్రం తరఫున..."

"నేనెవరి తరఫునా కాదయ్యా! నాకు జీతమిచ్చేవాడెవడూ లేడు. షెరీఫుకి 'నేను చెయ్యను' అనే హక్కు నేను సంపాదించి పెడితే, నాకు 'నేను ఇవ్వను' అనే హక్కు ఉండదా? తుపాకుల విషయంలో ఏ సర్కారూ నాకు ఆజ్ఞలు వెయ్యకూడదనే కదా ఇన్నాళ్ళూ అరిచాను. ఇప్పుడు సర్కారు కోర్టుకొచ్చి నాకు ఆజ్ఞ వెయ్యమని అడుగుతున్నది మీరు. తొత్తు ఎవరు?"

హాలు హాలంతా గొల్లుమంది. రస్టీ కాళ్ళతో నేల తన్నాడు. జడ్జి ఎల్డ్రిడ్జ్ సుత్తి కొట్టాడు గానీ ఆయన మూతి కూడా కుదురుగా లేదు. నేను కుర్చీలో కూర్చుంటుంటే నా ఒంట్లో ఇరవై ఏళ్ళు తగ్గినట్టనిపించింది.

తర్వాత జడ్జి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఈయన మీద ఉత్తర్వు ఇచ్చింది నేనే. ఆ ఉత్తర్వు ఉండగా ఈయన చేతిలో తుపాకీ ఉంటే నేరం. మన పోలీసులు ఆ నేరం జోలికి పోవడం మానేశారు, అంతే. నేరం నేరమే. దాన్ని చెయ్యించమని నేను ఆజ్ఞ ఇవ్వలేను. మిస్టర్ డ్వైట్ ప్రూయెట్, అవి మీ చేతికి రావు."

చప్పట్లు. నేను లేచి నిలబడ్డాను కూడా.

"కూర్చోండి మిసెస్ స్టిల్‌వెల్. అవి మీవి కూడా కాదు. జన్మంతా మీ బీరువాలో ఉంచుకోవడానికి లేదు. ఆయన ఇంకెవరి పేరైనా చెప్పొచ్చు. ఆ మనిషి వాటిని ఈయన చేతికి అందకుండా దాచాలి, లేదా అమ్మి డబ్బు ఈయనకివ్వాలి. ఎవరి పేరు చెప్తారు?"

డ్వైట్ తల తిప్పకుండానే, "మా అమ్మ" అన్నాడు.

నోర్మా చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని వచ్చింది. లేచి నిలబడి, దాచిపెడతానని మాట ఇచ్చింది. వాడి చేతికి ఇవ్వకూడదని తెలుసా అని జడ్జి అడిగితే తెలుసంది. ఇస్తే పట్టుకునేదెవరు? హార్లన్ తేలు కుట్టిన దొంగలా పైకప్పు కేసి చూస్తున్నాడు. మా ఊళ్ళో ఎవరూ వెళ్ళి చూడకూడదు. చూడకుండా చేసింది నేనే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చ గెలిచి ఇంట్లో ఓడిపోయాను. డ్వైట్ ఏడ్చినప్పుడల్లా నోర్మా అడిగింది ఇచ్చింది. వాడి నాలుగో ఏట నుంచీ అంతే. వాడు బయటికి వెళ్తూ నాకేసి చూసి కన్ను కొట్టాడు.

చర్చి వెనక గదికి వెళ్ళాను. "రేపు" అని చెప్పాను కెండ్రాకి. ఆమె సరేనని, మంచం కింద నుంచి పెట్టె లాగింది. అప్పటికే సర్ది ఉంది.

ఆగస్టు 28

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున మూడూ తీసి బల్ల మీద పరిచాను. నాన్న రైఫిలు ఎంత బాగా వచ్చిందంటే, నాన్న చూస్తే నా వీపు తట్టేవాడు. దాన్ని తుడుస్తూ, ఇంత శ్రద్ధగా ఎందుకు బాగుచేశానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. వాగులో కుళ్ళిపోనిస్తే పోయేది.

డ్వైట్ బండి వచ్చి రోడ్డుకి అవతల, హోటలు ముందు ఆగింది. వాడు ఇంజను ఆపలేదు. నోర్మా దిగి ఒక్కత్తే వచ్చింది. కోర్టుకి పెట్టుకున్న టోపీయే. రాత్రి పడుకున్నట్టు లేదు.

"కోర్టువాళ్ళకి చూపించడానికి సంతకం పెట్టు. తీసుకుపో" అన్నాను.

అది సంతకం పెట్టలేదు. నాన్న రైఫిలు చెక్క మీద చెయ్యి వేసి నిలబడింది.

"నిన్న కోర్టయ్యాక మెయ్‌సీని చూడ్డానికి వెళ్ళానక్కా" అంది. "ఆపిల్ కేకు చేశాను. నా కారు పాడైతే డ్వైట్ బండి వేసుకెళ్ళాను. బండి ఆపి తలుపు కొడితే కెండ్రా తీసింది. పిల్లేది అన్నాను. ఇప్పుడే ఇక్కడే ఉందంది. ఇద్దరం వెతికాం. పిలిచాం. పలకలేదు."

"ఎక్కడుంది?"

"బట్టలు ఆరబెట్టే మిషన్లో. మునగదీసుకుని కూర్చుంది. ఆ బండి చప్పుడు విని దూరిందక్కా. బొమ్మనొకదాన్ని పట్టుకుంది. దాని నోరు మూసి పట్టుకుంది. తన నోరు కాదు. తను అరవదని పిల్లకి తెలుసు. బొమ్మ అరుస్తుందేమోనని..."

నేను బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి నోర్మాని పట్టుకున్నాను. చిన్నప్పుడు ఉరుములకి పట్టుకున్నట్టే పట్టుకున్నాను.

"నాలుగేళ్ళది. ఇంత బాగా దాక్కోవడం ఎవరు నేర్పారే అంటే, ఎవరూ నేర్పలేదు నాన్నమ్మా, రోజూ ఆడతాం అంది." మొహం తుడుచుకుంది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఇక్కడ అందరం నోళ్ళు మూసుకున్నవాళ్ళమే."

"ఇప్పుడేం చేద్దామే?"

"జడ్జి అమ్మొచ్చన్నాడు కదా. నా పేరే చెప్పాడు కదా వాడు. అమ్మేయ్."

"మూడూనా?"

"మూడూ. నాన్నది కూడా."

"నాన్నది నేనే కొనుక్కుంటే?"

"నీ బీరువాలో ఉంటుందా?"

"చచ్చేదాకా."

"అయితే కొనుక్కో. ఇన్నేళ్ళూ అదంటే నీకు కుళ్ళేగా" అంది, ఆ ఏడుపులోనే. ఇద్దరం నవ్వాం. అప్పుడు సంతకం పెట్టింది.

ఖాళీ చేతులతో బయటికి నడిచింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. హార్లన్ హోటలు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు, రస్టీ, ఇంకో నలుగురైదుగురు. డ్వైట్ అద్దం దించి, "ఏవి?" అన్నాడు.

"అమ్మేశాను."

"ఏంటి?"

"అమ్మేశానురా. డబ్బు నీకొస్తుంది. తుపాకులు రావు. నా చేతి మీదుగా నీకింక ఏదీ రాదు, మెయ్‌సీ నిన్ను చూసి దాక్కోవడం మానేదాకా."

వాడు తలుపు ఒక్క తన్ను తన్ని దిగాడు. చెయ్యి ఎత్తాడు, తల్లి మీదకే. లారీ మీద పనికొచ్చిన గొంతు అప్పుడు పనికిరాలేదు. నోర్మా మాత్రం వెనక్కి తగ్గలేదు. టోపీ సర్దుకుని, మొహం ఎత్తి నిలబడింది.

హోటలు తలుపు తెరుచుకుంది. హార్లన్ బయటికొచ్చాడు, మెడలో చేతిగుడ్డతోనే. వెనకే రస్టీ, ఆ వెనక మిగతావాళ్ళు. వచ్చి నోర్మా పక్కన నిలబడ్డారు.

"తుపాకుల సంగతి నాకక్కర్లేదు డ్వైట్" అన్నాడు హార్లన్. "ఆ చెయ్యి దించు. అది మాత్రం నా పనే."

డ్వైట్ రస్టీ కేసి చూశాడు. "నువ్వొకటి అమ్ముతావా నాకు? ఇప్పుడే కొంటా."

"లేదు."

పక్కవాడి కేసి చూశాడు. వాడు తల అడ్డంగా ఊపాడు. ఆ పక్కవాడూ ఊపాడు. వీళ్ళందరూ నా కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళే. మా ఊళ్ళో కాదనడం ఎలాగో మనుషులకి బాగా వచ్చు. ఇన్నాళ్ళూ దూరంగా ఉన్నవాళ్ళనే కాదన్నారు.

డ్వైట్ బండెక్కి వెళ్ళిపోయాడు. తల్లిని రోడ్డు మీదే వదిలేశాడు. నోర్మా చేతులు చూసుకుని, "అక్కా, నన్ను ఇంటిదగ్గర దింపుతావా?" అంది. దింపలేదు. బస్సు స్టాండుకి పోనిచ్చాను. హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. బస్సు బయల్దేరబోతుంటే దానికి అడ్డంగా బండి పెట్టాను. డ్రైవరు నన్ను అనరాని మాటలన్నాడు. నేనూ అన్నాను. నోర్మా బస్సెక్కి కెండ్రా పెట్టె తనే మోసుకుంటూ దిగింది.

సెప్టెంబర్ 7

డ్వైట్ నది కిందివైపు పనికి వెళ్ళిపోయాడని రస్టీ చెప్పాడు. వస్తాడేమో. వస్తే రానీ. కెండ్రా పిల్లతో నోర్మా ఇంట్లో ఉంటోంది.

తలుపు మీద రాతలు రెండూ అలాగే ఉంచాను. కేంద్రం వాళ్ళ మీద నా అభిప్రాయం ఏమీ మారలేదు, ఎవరైనా అడిగితే చెప్పడానికి రాసుకుంటున్నాను.

ఇవాళ నోర్మా, కెండ్రా, మెయ్‌సీ కొట్టుకొచ్చారు. డబ్బాలో ఆఖరి బిస్కెట్టు ఒకటుంటే చూడకుండా నేను తినేశాను. మెయ్‌సీ ఖాళీ డబ్బా చూసి, నన్ను చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని అరిచింది. ఆ చిన్న ఒంట్లో అంత గొంతు ఎక్కడ దాచుకుందో! అలమర అద్దాలు అదిరాయి. రోడ్డు అవతల హోటల్లోంచి జనం తొంగి చూశారు. కెండ్రా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

మెయ్‌సీ ఊపిరి తీసుకుని మళ్ళీ అరిచింది. ముగ్గురం పక్కనే ఉన్నాం. ఎవరం ఊరుకోమనలేదు.